బస్టాపులో నిలబడ్డవాడు ప్రధాని అవుతాడా?

మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నేను బ్రిటిష్ ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తున్నాననే నమ్మారు. "స్వతంత్రం వచ్చిందన్నారు, మళ్ళీ ఆ దొరల కొలువేనటే?" అని నల్లగండ్లలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని మూతి విరిచేవారు. కాదని చెప్పేదాన్ని. మరైతే రోజూ తెల్లారకుండా లేచి మాదాపూర్ వెళ్ళి ఏం వెలగబెడుతున్నావని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేదాన్ని. నిజం చెబితే ఎవరూ నమ్మరు. బ్రిటన్ ప్రజలకు తమ ప్రధానమంత్రి మీద ఎంత విసుగుందో లెక్కగట్టి, వాళ్ళు నిద్ర లేచేలోగా వాళ్ళకే పంపడం నా పని.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈమధ్య మా పక్క బ్లాకు పిల్లలిద్దరు ఇదే పనిలో చేరుతూ, "ఆంటీ, అసలు అందులో నేర్చుకోవడానికేముంది?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ జీతాల గురించీ రాయను. అవి మీకు నాకంటే బాగా తెలుసు.

గడుల పని

బ్రిటన్‌లో సర్వే కంపెనీ వాళ్ళు జనాన్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. ఫలానా నాయకుడికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? ఎందుకో మీ సొంత మాటల్లో చెప్పండి. మార్కులు కంప్యూటర్ కూడేస్తుంది. సొంత మాటలు మా దగ్గరికి వస్తాయి. వాళ్ళు రాత్రి భోజనాలు చేస్తూ రాసి పడుకుంటారు. మేము పొద్దున్నే వచ్చి ఒక్కో మాటా చదివి ఒక్కో గడిలో వేస్తాం. నిజాయితీ ఉంది, లేదు. జనానికి అందుబాటులో ఉంటాడు, ఉండడు. నాయకత్వ లక్షణాలు ఉన్నాయి, లేవు. మధ్యాహ్నానికి ఏ గడిలో ఎందరో తేలిపోతుంది. అప్పుడు అక్కడ కాఫీ తాగుతూ ఒకాయన టీవీలో "ప్రజలు ఇలా అనుకుంటున్నారు" అంటాడు. ఆ అనుకోవడం వెనక మాదాపూర్ ఐదో అంతస్తులో మేమున్నామని ఆయనకి తెలియదు.

నాయకుల పేర్లు చెప్పను. చేరినప్పుడే సంతకం పెట్టించుకున్నారు. పైగా ఆ కుర్చీలో ఈమధ్య మనుషులు మారుతున్న వేగానికి, నేను పేరు చెప్పినా మీరు చదివేసరికి పాతబడిపోతుంది.

సులువేగా అనుకుంటున్నారా? ఒకావిడ రాసింది: "ఈయన్ని చూస్తే మా వీధి చివర పాత సోఫాలు అమ్మేవాడు గుర్తొస్తాడు." ఏ గడి? ఇంకొకాయన: "మా కుక్కని కూడా ఈయనకి అప్పగించను, కానీ ఓటేస్తాను." ఏ గడి? ఒక పెద్దాయన ప్రధానమంత్రి సంగతి వదిలేసి, తన మోకాలి ఆపరేషన్ ఎన్నిసార్లు వాయిదా పడిందో పొడుగ్గా రాసుకొచ్చి, చివర "ఇదీ నా అభిప్రాయం" అన్నాడు. మొదట్లో నవ్వొచ్చింది. ఆలోచిస్తే అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

నా మొదటి బాస్ సికింద్రాబాద్ పెద్దమనిషి. చొక్కా ఇస్త్రీ చెదిరేది కాదు, కోపం మాత్రం క్షణంలో వచ్చేది. చేరిన రోజే చెప్పాడు: "ఫోనూ బ్యాగూ లాకర్లో పెట్టి లోపలికి వస్తారుగా, మీ అభిప్రాయం కూడా అక్కడే పెట్టి రండి." ఆయన పెట్టిన ఇంకో నియమం, చదివేటప్పుడు మార్కులు కనబడకుండా మూసెయ్యాలి. తొమ్మిది మార్కులు వేశాడని ముందే తెలిస్తే తిట్టు కూడా మెచ్చుకోలులా కనిపిస్తుంది. అందుకని ముందు మాట చదివి గడిలో వెయ్యాలి, తర్వాత మార్కులు తెరిచి సరిచూసుకోవాలి. ఆయన వెళ్ళిపోయాక మేనేజర్లు చాలామంది వచ్చారు, ఈ నియమం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అదే ఒకరోజు మా కొంప ముంచబోయింది, అదే కాపాడింది.

యాదగిరి పచ్చ తాడు

మా సెక్షన్‌లో నా కింద ఆరుగురు. వాళ్ళలో యాదగిరి ఒకడు. ఐడీ కార్డు మెడలో వేసుకునే తాడు మా ఆఫీసులో రెండు రంగులు. పర్మనెంటు వాళ్ళకి నీలం, కాంట్రాక్టు వాళ్ళకి పచ్చ. యాదగిరిది పచ్చ.

వాడి ఊరు ఎక్కడో లేదు, మా బిల్డింగే వాడి ఊరు. "మా తాత జొన్నచేను గీడనే ఉండె మేడం. గా లిఫ్టు దగ్గర మోటబాయి" అనేవాడు. తండ్రి ఎప్పుడో వచ్చిన ధరకి అమ్మేశాడు. తాత దున్నిన జాగాలో మనవడికి ఒక కుర్చీ దొరికింది, అదీ ఏడాదికోసారి గడువు పెంచితేనే. వాడు మాత్రం ఏడుస్తూ చెప్పేవాడు కాదు. క్యాంటీన్‌లో ఇడ్లీ గట్టిగా ఉంటే "మా చేనుల గిసొంటి రాళ్ళే ఉండేటియి" అని అందర్నీ నవ్వించేవాడు.

నేను చెబుతున్న ఏడాది వాడికి సంగారెడ్డి వైపు ఒక సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు స్వరూప, నర్సు. ఇద్దరికీ ఇష్టమే. తాంబూలాల దగ్గర అమ్మాయి తండ్రి మెలిక పెట్టాడు.

"పిల్ల తరఫోళ్ళు నౌకరి పర్మనెంటా అని అడుగుతున్రు మేడం. అయినంక లగ్గం మాట మాట్లాడుదామంటున్రు. స్వరూప ఏమో, ఎన్ని దినాలు మా నాయినను ఆపాలె అని నా మీద గరమైతున్నది. మస్తు పరేషాన్ ఉన్న."

మేనేజర్ మూర్తిగారితో మాట్లాడాను. ఆయనది గుంటూరు వైపు. మంచివాడే, కానీ లండన్ నుంచి ఫోన్ వస్తే కూర్చున్నవాడు కూడా లేచి నిలబడి మాట్లాడేవాడు. "చూద్దామండీ కామేశ్వరిగారూ," అన్నారు. "ఈ ప్రధాని మార్పు సర్వే వస్తోంది కదా. అది ఒక్క తప్పు లేకుండా వెళ్ళిందనుకోండి, అతని ఫైలు నేనే పైకి పంపిస్తా. తప్పొచ్చిందనుకోండి, ఇక కాంట్రాక్టు కూడా కష్టమే."

వాడి పెళ్ళి బ్రిటన్ ప్రధానమంత్రి మెడకి చుట్టుకుంది.

ఎర్రకోటావిడ, కళ్ళద్దాలాయన

అక్కడ ఉన్న ప్రధానికి సొంత పార్టీలోనే ఉక్కపోతగా ఉంది. ఇవాళో రేపో దిగిపోతాడంటున్నారు. ఆ కుర్చీకి ఇద్దరు ముందున్నారు. ఆఫీసులో పేర్లు పెద్దగా అనకూడదు కనక యాదగిరే వాళ్ళకి పేర్లు పెట్టాడు. ఎప్పుడూ ఎర్రకోటులో కనిపించే ఆవిడ ఎర్రకోటావిడ. ఇంకొకాయన కళ్ళద్దాలాయన. ఈ ఇద్దరి గురించి వచ్చిన సొంత మాటలన్నీ ఆ పొద్దున యాదగిరి చేతికిచ్చాను. వాడు తలెత్తకుండా పని చేశాడు, టీ కూడా తాగలేదు. పదింటికి వచ్చి "అయింది మేడం, జర చూడున్రి" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

లెక్క చూస్తే ఎర్రకోటావిడ ప్రభంజనం. జనానికి అందుబాటులో ఉంటుంది, కష్టంలో ఆదుకుంటుంది అనే గడులు పొంగిపొర్లుతున్నాయి. కళ్ళద్దాలాయనకి నాయకత్వ లక్షణాలు లేవు అనే గడి తప్ప ఏమీ మిగల్లేదు. పాపం, డిపాజిట్ కూడా దక్కేలా లేదనుకున్నాను.

అప్పుడు మార్కులు తెరిచాను. అంతా తలకిందులు! ఎర్రకోటావిడని మెచ్చుకున్నారని వేసినవాళ్ళంతా ఆవిడకి రెండూ మూడూ ఇచ్చారు. కళ్ళద్దాలాయన్ని తిట్టారని వేసినవాళ్ళంతా ఆయనకి ఎనిమిదీ తొమ్మిదీ ఇచ్చారు. ఫైలేమైనా అటూ ఇటూ అయిందా అని మొదట అనుమానించాను. కాలేదు. ఒక్కో మాటా తీసి చదవడం మొదలుపెట్టాను.

"మా నాన్న అంత్యక్రియలకి ఈవిడ వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఫొటోగ్రాఫర్‌ని కూడా వెంట తెచ్చింది." యాదగిరి వేసిన గడి: కష్టంలో ఆదుకుంటుంది.

"యాదగిరీ, ఇదేంటి?" అన్నాను.

"ఏంది మేడం? పిలవకున్నా వచ్చింది. గంత పెద్ద మనిషి. ఇంకేం కావాలె?"

"ఫొటోగ్రాఫర్‌ని తెచ్చిందయ్యా!"

"తేకుంటె వచ్చినట్టెట్ల తెలుస్తది మేడం?"

రెండోది తీశాను. "ఈయన్ని వానలో బస్టాపులో చూశాను. ఒక్కడే, తన గొడుగు తనే పట్టుకుని నిలబడ్డాడు." గడి: నాయకత్వ లక్షణాలు లేవు.

"మరేంది మేడం? బస్టాపుల నిలబడ్డడు. ఎనక ఒక్క మనిషి లేడు. గొడుగు పట్టెటోడు సుత లేడు. గీనె దేశం నడిపిస్తడా?"

మూడోది. "పార్లమెంటులో లేచి నాదే పొరపాటు, క్షమించండి అన్నాడు." గడి: నాయకత్వ లక్షణాలు లేవు. దానికి వాడేం చెప్పాడో రాయక్కర్లేదు, మీకే తెలుసు.

మూర్తిగారి సలహా

మూర్తిగారు పరుగున వచ్చారు. విన్నారు. చెమట తుడుచుకున్నారు. "పంపేద్దామండీ," అన్నారు. "అన్నేసి మాటలు ఎవడు చదువుతాడు?"

"లెక్క తప్పని తెలిసీ పంపమంటారా? సాయంత్రానికి టీవీలో ఎర్రకోటావిడ గెలిచిపోతుంది. ఆ దేశం వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు."

"అయితే తప్పు చేసినవాడి పేరు రాసి రిపోర్టు పెట్టండి. రూలు రూలే. ఆ కుర్రాడి పేరు రాసెయ్యండి."

యాదగిరి పక్కనే ఉన్నాడు. మెడలో పచ్చ తాడుని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

నాకు అనుమానం ఒకటే. ఇది వీడి తప్పేనా? కొన్ని జవాబులు ఏరి, యాదగిరి వేసిన గడులు చెరిపేసి, మిగతా ఐదుగురికీ విడివిడిగా ఇచ్చాను. ఎందుకో చెప్పలేదు. అమలాపురం నుంచి వచ్చిన అమ్మాయీ, మూసాపేట కుర్రాడూ, ప్రగతి నగర్ ఆవిడా, అందరూ బస్టాపు మనిషిని నాయకత్వం లేని గడిలోకే తోశారు. చావుకొచ్చిన ఆవిడకి అందరూ పూలదండ వేశారు. చివరికి మూర్తిగారిని కూడా అడిగాను. "బస్టాపులో ఒక్కడే నిలబడినవాడు ఎలాంటివాడండీ?"

"పాపం, టికెట్ రానివాడై ఉంటాడు," అన్నారాయన ఆలోచించకుండా.

అప్పటికీ నాకు తృప్తి లేదు. ఆఫీసు ఫోన్‌లోంచి ఇంటికి చేసి స్పీకర్ పెట్టాను. అత్తగారు ఎత్తారు.

"అత్తయ్యా, ఒక నాయకురాలు పిలవకుండా మనింటి చావుకొచ్చింది, ఫొటో కూడా తీయించుకుంది. మంచిదంటారా కాదంటారా?"

"ఎవరు పోయారే?" అని కంగారు పడ్డారు. ఎవరూ పోలేదని నచ్చజెప్పాక, "వచ్చిందిగా! చావుకి రానివాడు ఇంక దేనికొస్తే ఏం, రాకపోతే ఏం? నా ఓటు ఆవిడకే. పెట్టెయ్, పాలు పొంగుతున్నాయి," అన్నారు.

అంతసేపూ బిగుసుకుపోయి ఉన్న యాదగిరి ఒక్కసారి ఎగిరాడు. "అమ్మమ్మ మా పార్టీ మేడం!"

సెక్షనంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మూర్తిగారి వైపు తిరిగాను. "రిపోర్టులో పేర్లు రాయమన్నారుగా. ఆరుగురివీ రాస్తాను. ఏడోది మీది. అది కూడా రాయమంటారా?"

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. "గడుల వివరణ సరిగా లేదని రాయండి," అన్నారు చివరికి. "మనుషుల పేర్లెందుకు లెండి."

నిజానికి అదే సరైన కారణం. ఆ గడులకి అర్థం చెప్పే కాగితం లండన్‌లో తయారైంది. అందుబాటులో ఉండటం అంటే ఏమిటో అక్కడివాళ్ళు విడమర్చలేదు, అందరికీ తెలిసిందేగా అనుకున్నారు. మాకూ తెలిసిందే. కాకపోతే మాకు తెలిసింది వేరు.

హెలెన్ ఏమందంటే

లండన్‌లో మా పని చూసే ఆవిడ పేరు హెలెన్. అక్కడింకా తెల్లవారుతోంది. నిద్రమొహంతోనే ఫోన్ ఎత్తింది. దాచకుండా మొత్తం చెప్పాను, ఫైలు ఆలస్యమవుతుందని కూడా చెప్పాను. మూర్తిగారు పక్కన అలవాటుగా లేచి నిలబడ్డారు.

హెలెన్‌కి నవ్వు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. ఆగాక ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ దేశంలో చావు అంటే ఇంట్లోవాళ్ళూ దగ్గరివాళ్ళూ మాత్రమేనట. పిలవకుండా నాయకులు దిగబడితే ఓట్ల కోసం వచ్చారనే అసహ్యం. నాయకుడు అందరితోపాటు వరసలో నిలబడితే, వీడికి పొగరు లేదని ముచ్చట. తప్పు ఒప్పుకుంటే ఒక మార్కు ఎక్కువే.

"ఇంతకీ మీవాళ్ళు గెలిపించింది ఎవరిని?" అని అడిగింది. ఎర్రకోటావిడనని చెప్పాను. "ఆవిడ మీ ఊళ్ళో పోటీ చేస్తే బాగుండేది," అంది.

అందరం కూర్చుని మళ్ళీ చేశాం. ఈసారి ఒక్కటే చెప్పాను: రాసినవాడి గుమ్మంలో నిలబడి చదవండి. మీ గుమ్మంలో నిలబడి కాదు. యాదగిరి ప్రతి జవాబుకీ "గీళ్ళకు ఏం పుట్టింది మేడం?" అని గొణుక్కుంటూనే సరిగ్గా వేశాడు. ఒక దగ్గర ఆగి అడిగాడు: "గట్లయితే వీళ్ళింట్ల చావైతే ఎవ్వరు రారా?" వస్తారు, పిలిస్తే వస్తారు అన్నాను. వాడు తల ఊపాడు, కానీ వాడికి జాలేసిందని మొహంలో తెలిసింది. ఫైలు సాయంత్రం టీవీకి అందింది.

ఇక్కడ నా నిక్కచ్చి మాట ఒకటి వినండి. ఇప్పుడు ముందు విడత గడుల్లో వేయడం మెషినే చేస్తోంది, మీరు సరిచూస్తే చాలంటున్నారు. సరిచూడండి. మెషిన్ మీద అరవకండి, అది కూడా ఎవరి గుమ్మంలోనో నిలబడే చదువుతోంది. ఎవరిదో కనుక్కోండి. అది కనుక్కోవడమే మీ ఉద్యోగం. మిగతాది లిఫ్టు ఎక్కడం దిగడమే.

యాదగిరి ఫైలు మూర్తిగారు మాట తప్పకుండా పైకి పంపారు. నీలం తాడు వచ్చిన రోజు వాడు దాన్ని మెడలో వేసుకుని, ఫొటో తీయించుకుని, ముందుగా సంగారెడ్డికి పంపాడు. స్వరూపతో లగ్గమైంది. పిలిచారు, వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

ఒక జవాబు నాది

నేను రిటైరైన ఏడాది వానాకాలంలో మా అత్తగారు పోయారు. పెద్ద వయసు, నిద్రలోనే వెళ్ళిపోయారు. మావారు నీరుగారిపోయారు. బంధువులు రాజమండ్రి నుంచి రావాలి. ఈలోగా అపార్ట్‌మెంట్ సెక్రెటరీ వచ్చి, లిఫ్టులో శవాన్ని దించకూడదనీ, కింద పార్కింగులో పెట్టకూడదనీ, ఇతర నివాసితులకి ఇబ్బందనీ మెల్లగా చెప్పాడు. ఎనిమిదో అంతస్తు మాది. గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

కింద హారన్లు వినబడ్డాయి. బాల్కనీలోంచి చూస్తే తెల్లకారు, దాని వెనక వైకుంఠ రథం. కార్లోంచి తెల్లచొక్కా లీడరొకాయన దిగాడు, జన్మలో చూడలేదు నేను. ఆయన వెనక పూలదండ పట్టుకుని ఒకడు, కెమెరా పట్టుకుని ఇంకొకడు. అందరికంటే ముందు యాదగిరి.

"మా డివిజన్ లీడర్ మేడం," అన్నాడు పైకొచ్చి, రొప్పుతూ. "ఆఫీసోళ్ళు చెప్పిన్రు, నేనే తీస్కొచ్చిన. మీరు ఫికర్ చేయకున్రి."

లీడరు సంగతి విని, సెక్రెటరీ భుజం మీద చెయ్యేసి, "ఏంది తమ్మీ, అమ్మను మెట్ల మీదికెల్లి దించుతరా?" అన్నాడంతే. లిఫ్టు తెరుచుకుంది. పార్కింగ్ ఖాళీ అయింది. సెక్రెటరీయే స్వయంగా కుర్చీలు తెచ్చి వేశాడు. లీడరు దండ వేసి, కెమెరా వైపు ఒకసారి చూసి, దణ్ణం పెట్టాడు. ఫ్లాష్ వెలిగింది. ఇంకో రోజైతే నేను ఆ కెమెరా లాక్కుందును.

"నిన్నెవరు పిలిచారయ్యా?" అన్నాను యాదగిరితో. ఏడుపు ఆగలేదు నాకు.

"పిలుసుడేంది మేడం? నాకు ఓటేసిన మనిషి. రాకుంటె ఎట్ల?"

వాన మొదలైంది. రథం కదిలేదాకా వాడు నా పక్కనే నిలబడి నాకు గొడుగు పట్టాడు. వాడు మాత్రం పూర్తిగా తడిశాడు.

మర్నాడు ఆ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. మధ్యలో లీడరు. ఒక మూల యాదగిరి, సగం తెగిపోయి. దాన్ని నేను చెరిపెయ్యలేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ జవాబులే చదివాను కదా, నన్నెవరూ అడగలేదు. యాదగిరి గురించి అడిగితే నా సొంత మాటల్లో ఇలా రాస్తాను: మా ఇంటి చావుకి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఫొటోగ్రాఫర్‌ని కూడా వెంట తెచ్చాడు.

మార్కులు, పదికి తొమ్మిది. ఆ ఒక్కటీ ఫొటోగ్రాఫర్‌కి కోశాను.